విండోస్ నుంచి లినక్స్ ఫోల్డర్ తెరుచుకోవట్లేదా? ఏ తలుపు దగ్గర ఆగిందో ముందు చూడండి

"అన్నా, నిన్నటిదాక మంచిగనే ఓపెనైంది. ఇయ్యాల ఐతలేదు."

నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ మాటతోనే మొదలవుతాయి. ఒకరోజు హన్మకొండ చౌరస్తా దగ్గర ఫ్లెక్సీల షాపు, ఇంకోరోజు ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం, మరోరోజు పరకాల నుంచో నర్సంపేట నుంచో ఫొటో స్టూడియో. అందరి దగ్గరా సరంజామా ఒకటే. ముందు టేబుల్ మీద విండోస్ కంప్యూటర్, మూలన లినక్స్ ఎక్కించిన పాత సీపీయూ లేదంటే రాస్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, దానికో హార్డ్ డిస్క్. డిజైన్లు, ఫొటోలు, బిల్లులు అన్నీ ఆ డిస్క్‌లోనే. విండోస్‌లో దాన్ని జెడ్ డ్రైవ్‌గా పెట్టుకుని వాడుతుంటారు. ఓ పొద్దున ఆ డ్రైవ్ మీద ఎర్ర ఇంటూ మార్కు కనిపిస్తుంది. అప్పుడే పెళ్లికార్డుల ఆర్డరు అర్జెంటుగా ఉంటుంది.

నేను అడిగే మొదటి ప్రశ్న: "ఇప్పటిదాకా ఏమేం మార్చారు?" చాలామంది అప్పటికే ఏదో వీడియో చూసి ఫైర్‌వాల్ ఆపేసి, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతి ఎస్‌ఎంబీ 1 ఆన్ చేసి, ఫోల్డర్‌కు 777 పర్మిషన్ (అందరికీ అన్ని అనుమతులూ) కొట్టేసి ఉంటారు. ఒక రోగంతో మొదలైంది నాలుగు రోగాలై కూర్చుంటుంది.

ఓరుగల్లు కోటకు ముందు మట్టికోట ఉంది, అది దాటితే రాతికోట. మట్టికోట బయటే ఆగిపోయినవాడికి లోపలి తలుపు తాళంచెవితో పనేముంది? ఇక్కడా అంతే. మొదటి తలుపు నెట్‌వర్క్, రెండోది పాస్‌వర్డ్, మూడోది ఫైల్ పర్మిషన్. ఏ తలుపు దగ్గర ఆగిందో తేల్చేదాకా ఏ సెట్టింగూ ముట్టుకోవద్దు. తేలాక కూడా ఒకసారికి ఒక్కటే మార్చండి.

సిద్ధాంతం ఇంతకుమించి అక్కర్లేదు: విండోస్ ఫైళ్లు పంచుకునే భాష పేరు ఎస్‌ఎంబీ. ఆ భాషను లినక్స్‌కు నేర్పే ప్రోగ్రాం సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టారు. మీ రాస్‌బెర్రీ పైలో నడుస్తున్నదీ అదే.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- రెండు మిషన్లలోనూ అడ్మిన్ పాస్‌వర్డ్.
- లినక్స్ మిషన్‌కు కీబోర్డు, మానిటర్ (లేదా ఎస్‌ఎస్‌హెచ్‌తో, అంటే వేరే కంప్యూటర్ నుంచే కమాండ్లు కొట్టేలా, లోపలికి వెళ్లే దారి).
- వీలైతే ఒక ల్యాన్ కేబుల్. వైఫై మీద వెతుకులాట మొదలుపెడితే తప్పు వైఫైదో, సాంబాదో తేలదు.
- షేర్ పేరు (నెట్‌వర్క్‌లో పంచిన ఫోల్డర్‌కు సాంబాలో పెట్టిన పేరు), లినక్స్ యూజర్ పేరు కాగితం మీద రాసి పెట్టుకోండి. నేను ఇక్కడ షేర్ పేరు "డిజైన్స్", యూజర్ పేరు "స్టూడియో", లినక్స్ మిషన్ అడ్రస్ 192.168.1.50, అందులో ఫోల్డర్ ఉన్న చోటు /ఎస్‌ఆర్‌వీ/డిజైన్స్ అనుకుని చెబుతాను.
- సాంబా సెట్టింగుల ఫైలుకు ఒక కాపీ. అది /ఈటీసీ/సాంబా/ ఫోల్డర్‌లో ఎస్‌ఎంబీ.కాన్ఫ్ పేరుతో ఉంటుంది.

ఒక మనవి. కమాండ్లను ఇక్కడ పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. మీరు కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. తికమక పడేచోట అక్షరాలు విడదీసి చెప్పాను.

1. ఎర్రర్ నంబర్ చదవండి

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టండి:

నెట్ యూజ్ జెడ్: \\192.168.1.50\డిజైన్స్ /యూజర్:స్టూడియో

జెడ్ డ్రైవ్ ఇప్పటికే ఉందంటే వేరే అక్షరం పెట్టండి. ఫోల్డర్ బొమ్మ మీద క్లిక్ చేస్తే వచ్చే పెద్ద డబ్బా కన్నా ఇక్కడ వచ్చే చిన్న నంబరే నిజం చెబుతుంది.

- 53 వచ్చిందా, మొదటి తలుపే దాటలేదు. డబ్బాలో 80070035 అని కనిపించేది కూడా ఇదే.
- 67 వస్తే మిషన్ దొరికింది, షేర్ పేరు తప్పు కొట్టారు. ఎక్కువగా చివర "ఎస్" మర్చిపోవడమే.
- 86, 1326, 1219 అన్నీ రెండో తలుపు దగ్గరివి.
- 5 వస్తే సాధారణంగా మూడో తలుపు. అప్పుడప్పుడు రెండోది కూడా అవుతుంది.

53 రాకపోతే రెండు, మూడు అంకెలు వదిలేసి నేరుగా నాలుగుకు వెళ్లండి.

2. అడ్రస్ మారిందేమో చూడండి

"నిన్నటిదాక మంచిగనే" కేసుల్లో నాకు ఎక్కువగా కనిపించే దొంగ ఇదే. రాత్రి కరెంటు పోయింది, వచ్చింది. రౌటర్ తిరిగి లేచి ఎవరు ముందు అడిగితే వాళ్లకు అడ్రస్ పంచింది. నిన్న అడ్రస్ చివర 50 ఉన్న లినక్స్ మిషన్‌కు ఇవాళ 57 దక్కింది. విండోస్ మాత్రం పాత ఇంటి తలుపే కొడుతోంది.

లినక్స్ మిషన్‌లో:

హోస్ట్‌నేమ్ -ఐ

ఇక్కడ ఐ పెద్ద అక్షరం. వచ్చిన అడ్రస్, మీరు విండోస్‌లో వాడుతున్న అడ్రస్ ఒకటేనా? కాకపోతే రోగం దొరికింది. ఇవాళ్టికి కొత్త అడ్రస్‌తో పని కానివ్వండి. శాశ్వతంగా పోవాలంటే రౌటర్ పేజీలోకి వెళ్లి, డీహెచ్‌సీపీ (అడ్రస్‌లు పంచే) విభాగంలో అడ్రస్ రిజర్వేషన్ అని ఉండేచోట లినక్స్ మిషన్‌కు ఒక అడ్రస్ కట్టబెట్టండి. రౌటర్ పేజీ మామూలుగా 192.168.1.1 లేదా 192.168.0.1 దగ్గర ఉంటుంది. లినక్స్‌లోనే స్టాటిక్ (మారని) అడ్రస్ పెట్టే పద్ధతీ ఉంది కానీ, రౌటర్ మార్చిన రోజు అది మళ్లీ తలనొప్పి. నేను రౌటర్‌లోనే పెడతాను.

అడ్రస్ సరిగానే ఉందా? ఇప్పుడు విండోస్ అడ్రస్ చూడండి (కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్). ఇళ్లలో, చిన్న షాపుల్లో రెండిటికీ మొదటి మూడు అంకెల గుంపులు కలవాలి. ఒకటి 192.168.1, ఇంకోటి 192.168.0 అయితే మీ దగ్గర రెండు రౌటర్లు ఉన్నట్టే. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చిన డబ్బా ఒకటి, సిగ్నల్ అందట్లేదని మీరు తెచ్చి తగిలించిన వైఫై డబ్బా ఇంకోటి. ఎవరి వీధి వాళ్లదే అయిపోయింది. రెండో దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంతంగా అడ్రస్‌లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చండి, లేదా రెండు మిషన్లనూ ఒకే డబ్బాకు కలపండి.

గెస్ట్ వైఫైకి కనెక్ట్ అయినా ఇదే గోల. అంకెలన్నీ కలిసినా సరే, రౌటర్ ఒక మిషన్‌ను ఇంకో మిషన్‌తో మాట్లాడనివ్వకపోవచ్చు.

3. 445 నంబర్ పోర్టు తెరిచి ఉందా?

పోర్టు అంటే మిషన్‌లో ఒక్కో పనికి ఉండే నంబరు వేసిన గుమ్మం. ఎస్‌ఎంబీది 445. ముందు పింగ్, అంటే అవతలి మిషన్ పలుకుతోందో లేదో చూసే కమాండ్:

పింగ్ 192.168.1.50

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. "రిప్లై ఫ్రం" అని కనిపించగానే పింగ్ వచ్చేసిందనుకుంటారు. ఆ లైను చివర "డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్" అని ఉంటే రిప్లై ఇస్తున్నది మీ సొంత కంప్యూటరే. "వాళ్లు ఇంట్లో లేరు" అని మీ ఇంటివాళ్లే చెబుతున్నారన్నమాట. రిప్లై పక్కన ఉన్న అడ్రస్ ఎవరిదో చూడండి.

తర్వాత పవర్‌షెల్ తెరిచి (కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది పనిచేయదు):

టెస్ట్-నెట్‌కనెక్షన్ 192.168.1.50 -పోర్ట్ 445

చివరి లైన్లో ట్రూ అని వస్తే మొదటి తలుపు దాటారు. పింగ్ వచ్చి ఇక్కడ ఫాల్స్ వస్తే, సాంబా నిద్రపోతోంది లేదా లినక్స్ ఫైర్‌వాల్ అడ్డం నిలబడింది. మీ లినక్స్ రకం ఉబుంటు, డెబియన్ లేదా రాస్‌బెర్రీ పైది అయితే:

సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్ ఎస్‌ఎంబీడీ

యాక్టివ్ అని పచ్చగా రావాలి. రాకపోతే స్టేటస్ అన్నచోట రీస్టార్ట్ పెట్టి కొట్టండి. ప్రతి కరెంటు కోతకూ ఆగిపోతుంటే ఎనేబుల్ పెట్టి ఇంకోసారి కొట్టండి. ఫెడోరా అనే రకం లినక్స్‌లో ఈ సర్వీస్ పేరు చివర డీ ఉండదు, ఉత్త ఎస్‌ఎంబీ. రీస్టార్ట్ కూడా కాలేదంటే సెట్టింగుల ఫైల్లో ఎక్కడో అక్షరం జారింది. టెస్ట్‌పార్మ్ అని కొడితే ఏ లైను నచ్చలేదో అదే చెబుతుంది.

ఫైర్‌వాల్‌కు:

సుడో యూఎఫ్‌డబ్ల్యూ అలౌ సాంబా

ఫైర్‌వాల్ మొత్తం ఆపేయొద్దు. సాంబాకు సరిపడా సందు తెరిస్తే చాలు. ఎట్టి పరిస్థితిలోనూ రౌటర్‌లో 445ను బయటి ఇంటర్నెట్‌కు ఫార్వర్డ్ చేయకండి. "ఊరెళ్లినప్పుడు ఫైళ్లు కావాలి" అని అలా చేసినవాళ్లను చూశాను. వాళ్లకు కావాల్సింది వీపీఎన్, అంటే బయటి నుంచి షాపు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన సొంత దారి.

నెట్‌వర్క్ లిస్టులో కనబడకపోతే టెన్షన్ వద్దు

ఎక్స్‌ప్లోరర్‌లో నెట్‌వర్క్ మీద క్లిక్ చేస్తే లినక్స్ మిషన్ పేరు కనబడదు, దానికే సగం మంది గాబరా పడతారు. అది పాడైనట్టు కాదు. పైన అడ్రస్ బార్‌లో \\192.168.1.50 అని కొట్టి చూడండి. తెరుచుకుంటే అంతా సవ్యంగానే ఉంది.

పూర్వం ఆ లిస్టు ఎస్‌ఎంబీ 1తో ముడిపడి ఉండేది. 2017 మేలో వన్నాక్రై అనే వైరస్ ఎస్‌ఎంబీ 1లోని లోపంతోనే ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 వెర్షన్ 1709 నుంచి కొత్తగా ఎక్కించే విండోస్‌లో ఎస్‌ఎంబీ 1 రావడం మానేసింది. 2019లో సాంబా 4.11 కూడా ముందే ఉండే సెట్టింగుల్లో దాన్ని ఆపేసింది. లిస్టులో పేరు కనబడాల్సిందే అనుకుంటే లినక్స్‌లో డబ్ల్యూఎస్‌డీడీ అనే చిన్న ప్రోగ్రాం వేసుకోండి. లిస్టు కోసం ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయమని ఎవరు చెప్పినా వినొద్దు.

4. రెండో తలుపు: పాస్‌వర్డ్

లినక్స్‌లో లాగిన్ అయ్యే పాస్‌వర్డ్, సాంబా పాస్‌వర్డ్ ఒకటి కాదు. సాంబాకు తన సొంత పుస్తకం ఉంటుంది. అందులో మీ పేరు ఉందో లేదో:

సుడో పీడీబీఎడిట్ -ఎల్

ఎల్ పెద్ద అక్షరం. పేరు లేకపోతే, లేదా పాస్‌వర్డ్ మర్చిపోతే:

సుడో ఎస్‌ఎంబీపాస్‌డబ్ల్యూడీ -ఏ స్టూడియో

స్పెల్లింగ్ ఎస్, ఎం, బి, పి, ఏ, ఎస్, ఎస్, డబ్ల్యూ, డి. మధ్యలో ఖాళీ లేదు. ఆ యూజర్ లినక్స్‌లో ముందే ఉండాలి, లేకుంటే ఇది పలకదు.

ఇప్పుడు విండోస్ వైపు వెళ్లకండి. లినక్స్ మిషన్ మీదే పరీక్షించండి:

ఎస్‌ఎంబీక్లయింట్ //లోకల్‌హోస్ట్/డిజైన్స్ -యు స్టూడియో

యు పెద్ద అక్షరం. పాస్‌వర్డ్ కొట్టాక ఎస్‌ఎంబీ అనే ప్రాంప్ట్ వస్తే ఎల్‌ఎస్ కొట్టండి. ఫైళ్ల పేర్లు వచ్చాయంటే సాంబా బంగారంలా ఉంది, తేడా విండోస్‌లోనే. ఈ ఒక్క పరీక్ష నాకు ఎన్నిసార్లు గంటల పని తప్పించిందో.

విండోస్‌లో చేయాల్సినవి: కంట్రోల్ ప్యానెల్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, విండోస్ క్రెడెన్షియల్స్ కింద ఆ అడ్రస్‌తో ఉన్న పాత పాస్‌వర్డ్ తీసేయండి. మీరు పాస్‌వర్డ్ మార్చినా విండోస్ పాతదే పంపుతూ ఉంటుంది, అడగను కూడా అడగదు. తర్వాత:

నెట్ యూజ్ * /డిలీట్

ఇది మ్యాప్ చేసిన డ్రైవులన్నిటినీ తీసేస్తుంది. వేరే డ్రైవులుంటే వాటి వివరాలు ముందే రాసిపెట్టుకోండి. 1219కి ఇదే మందు. ఒకే మిషన్‌కు రెండు వేరు పేర్లతో వెళ్లడం విండోస్‌కు ఇష్టం ఉండదు. అయినా మొండికేస్తే సైన్ అవుట్ అయి మళ్లీ రండి.

యూజర్ పేరు అడిగినప్పుడు ఉత్త స్టూడియో అని కాకుండా 192.168.1.50\స్టూడియో అని కొట్టండి. అప్పుడు అది విండోస్ ఖాతా పేరుతో కలగలిసిపోదు.

ఇక ఈమధ్య ఎక్కువైన ఫిర్యాదు. "మీ ఆర్గనైజేషన్ సెక్యూరిటీ పాలసీ గెస్ట్ యాక్సెస్‌ను ఆపుతోంది" అనే అర్థంలో ఇంగ్లీషులో ఒక మెసేజ్ వస్తుంది. "మాది రెండు కుర్చీల షాపు, ఆర్గనైజేషన్ ఎక్కడిది సార్?" అని ఒకాయన నవ్వాడు. అర్థం ఇంతే: పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా వెళ్లడాన్ని విండోస్ ఒప్పుకోవట్లేదు. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అప్‌డేట్ నుంచి ఇది మామూలు పద్ధతి అయింది. చాలా షాపుల్లో షేర్‌ను గెస్ట్‌గానే తెరిచి పెట్టుకున్నారు కాబట్టి అప్‌డేట్ అయిన మర్నాడే పని ఆగింది.

దీన్లో ఒక మెలిక ఉంది. ఉబుంటు, డెబియన్ల సాంబా సెట్టింగుల్లో "మ్యాప్ టు గెస్ట్ = బ్యాడ్ యూజర్" అనే లైను ముందే ఉంటుంది. అంటే యూజర్ పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా సాంబా "పేరు తప్పు" అనదు, మిమ్మల్ని గెస్ట్‌గా లోపలికి పిలుస్తుంది. విండోస్ గెస్ట్‌ను ఒప్పుకోదు. మీరేమో "పేరు కొట్టాను కదా, గెస్ట్ అంటుందేంటి" అని తల పట్టుకుంటారు. ఈ మెసేజ్ వస్తే ముందు స్పెల్లింగ్ చూసుకోండి. పాలసీ మార్చే రిజిస్ట్రీ చిట్కాల జోలికి వెళ్లకుండా ఒక యూజర్, ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి. రెండు నిమిషాల పని.

5. మూడో తలుపు: తెరుచుకుంటుంది, సేవ్ కాదు

ముందు సెట్టింగుల ఫైల్లో మీ షేర్ కింద "రీడ్ ఓన్లీ = నో" ఉందా? ఆ లైనే లేకపోతే సాంబా చదవడానికి మాత్రమే ఇస్తుంది.

అది ఉన్నా సేవ్ కావట్లేదంటే ఫోల్డర్ పర్మిషన్:

నేమై -ఎల్ /ఎస్‌ఆర్‌వీ/డిజైన్స్

నేమై స్పెల్లింగ్ ఎన్, ఏ, ఎం, ఈ, ఐ. ఇక్కడ ఎల్ చిన్న అక్షరమే. పై నుంచి కింది దాకా దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్ ఎవరిదో, ఎవరికి ఏం అనుమతో వరుసగా చూపిస్తుంది. లోపలి గది తెరిచి పెట్టి గేటుకు తాళం వేస్తే ఎలా వెళ్తారు? ఉబుంటు 21.04 నుంచి కొత్తగా తయారయ్యే హోమ్ ఫోల్డర్లకు ఇతరులు లోపలికి రాకుండా గేటు వేసి ఉంటుంది. అందుకే షేర్‌ను హోమ్ లోపల కాకుండా /ఎస్‌ఆర్‌వీ/ కింద పెట్టమంటాను. ఫోల్డర్ మీ యూజర్ పేరు మీదికి మార్చడానికి:

సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ స్టూడియో /ఎస్‌ఆర్‌వీ/డిజైన్స్

సీహెచ్‌ఓన్ అంటే సి, హెచ్, ఓ, డబ్ల్యూ, ఎన్. ఆర్ పెద్ద అక్షరం. 777 కొడితే పని అవుతుంది, కాదనను. షాపుకు షట్టరే తీసేస్తే కస్టమర్లు సులభంగా వస్తారు కూడా.

డిస్క్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంటే పై కమాండ్లు ఎన్నిసార్లు కొట్టినా దండగ. అక్కడ యజమాని ఎవరనేది డిస్క్‌ను మౌంట్ చేసేటప్పుడే (లినక్స్‌లో ఒక ఫోల్డర్‌కు తగిలించేటప్పుడే), యూఐడీ (యూజర్ నంబర్) ఆప్షన్‌తో చెప్పాలి. కరెంటు పోయినప్పుడు సరిగ్గా మూసుకోని ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను లినక్స్ చదవడానికి మాత్రమే తెరవడం, ఒక్కోసారి అసలు తెరవకపోవడం కూడా ఉంది. దాన్ని విండోస్‌కు తగిలించి చెక్‌డిస్క్ నడిపి, సేఫ్‌గా తీసి తిరిగి పెట్టండి. ఫెడోరా వాళ్లకు పర్మిషన్లన్నీ సరిగా ఉన్నా అడ్డం పడేది ఎస్‌ఈలినక్స్ అనే అదనపు కాపలాదారు. ఆ ఫోల్డర్‌కు సాంబా షేర్ లేబుల్ వేయాలి.

హెచ్చరిక: ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే ఏమీ కాపీ చేయొద్దు

ఇది నేను చేసిన తప్పే. మాఘమాసం పెళ్లిళ్ల హడావిడిలో ఒక స్టూడియోకు రాస్‌బెర్రీ పై పెట్టిచ్చాను. కరెంటు పోయి వచ్చాక హార్డ్ డిస్క్ లేవలేదు. షేర్ మాత్రం తెరుచుకుంటోంది, లోపల ఖాళీ. ఫైళ్లు పోయాయనుకుని బ్యాకప్ నుంచి మళ్లీ కాపీ చేయమని నేనే ఫోన్‌లో చెప్పాను. ఆ ఫైళ్లు వెళ్లింది డిస్క్‌లోకి కాదు, మిషన్ నడిచే చిన్న మెమొరీ కార్డులోకి. మధ్యాహ్నానికి కార్డు నిండి మిషన్ మొత్తం ఆగింది. పాత ఫైళ్లు డిస్క్‌లో భద్రంగానే ఉన్నాయి, చూసింది ఎవరు?

కాబట్టి ఖాళీ కనిపిస్తే ముందు డీఎఫ్ -హెచ్ కొట్టి డిస్క్ లిస్టులో ఉందో లేదో చూడండి. లేకపోతే కరెంటు చాలట్లేదేమో అనుమానించండి. రాస్‌బెర్రీ పై 4 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి ఇవ్వగలిగేది 1.2 ఆంపియర్లే. పెద్ద డిస్కులకు సొంత అడాప్టర్ ఉన్న డబ్బా కావాలి. ఫోన్ చార్జర్‌తో మిషన్ నడుపుతుంటే అదీ మార్చండి.

6. ఎదురు దిశ: లినక్స్ నుంచి విండోస్ ఫోల్డర్

ఇది తక్కువమందికే అవసరం, క్లుప్తంగా చెబుతాను. విండోస్‌లో నెట్‌వర్క్‌ను పబ్లిక్ నుంచి ప్రైవేట్‌కు మార్చండి. విండోస్ తెరిచే నాలుగంకెల పిన్ ఇక్కడ చెల్లదు, అసలు పాస్‌వర్డే కావాలి. మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు కాబట్టి షేరింగ్ కోసమే ఒక లోకల్ యూజర్‌ను తయారుచేసి, ఆ ఫోల్డర్ వరకు అనుమతి ఇవ్వండి. లినక్స్‌లో సీఐఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని మౌంట్ చేయండి. ఎర్రర్ 13 వస్తే పేరు, పాస్‌వర్డ్, ఫోల్డర్ అనుమతుల్లో తేడా. 2 వస్తే షేర్ పేరు తప్పు. 112 "హోస్ట్ ఈజ్ డౌన్" అంటుంది కానీ మిషన్ బతికే ఉండొచ్చు, ఎస్‌ఎంబీ వెర్షన్లు కలవకపోయినా అదే అంటుంది. బూట్ అయ్యేటప్పుడే తగులుకునేలా ఎఫ్‌స్టాబ్‌లో (లినక్స్ లేచేటప్పుడు ఏమేం తగిలించాలో చెప్పే ఫైల్లో) రాస్తే నోఫెయిల్ అనే మాట మరవకండి. లేకుంటే విండోస్ ఆపి ఉన్న రోజు లినక్స్ లేవకుండా మొరాయించవచ్చు.

7. బాగైందని ఎప్పుడు అనుకోవాలి?

ఫోల్డర్ తెరుచుకోగానే కాదు. విండోస్ నుంచి ఒక కొత్త ఫైలు చేసి, పేరు మార్చి, తీసేయండి. మూడూ జరగాలి. తర్వాత 1 జీబీ పైన ఉన్న ఫైలు ఒకటి కాపీ చేసి వేగం చూడండి. గిగాబిట్ కేబుల్ మీద, డిస్క్ బాగుంటే సెకనుకు 100 ఎంబీ దాటుతుంది. 11 దగ్గర నిలబడిపోతే కేబుల్‌లో ఒక జత తీగ తెగి ఉండొచ్చు, లేదా మీ రౌటరే 100 ఎంబీపీఎస్‌ది. అది సాంబా తప్పు కాదు.

చివరగా రౌటర్, రెండు మిషన్లు అన్నీ ఆపి, రౌటర్‌తో మొదలుపెట్టి ఆన్ చేయండి. కరెంటు కోతకు రిహార్సల్ అన్నమాట. చేతులు పెట్టకుండానే జెడ్ డ్రైవ్ తెరుచుకుందా? అప్పుడు షట్టరు దించి ఇంటికి వెళ్లండి.

ఇన్ని చేసినా కాలేదంటే ఎవరినైనా అడగండి, కానీ "ఐతలేదు" అని మాత్రం చెప్పకండి. ఒకటో అంకెలో వచ్చిన ఎర్రర్ నంబర్, 445 పరీక్షలో ట్రూనా ఫాల్సా, ఎస్‌ఎంబీక్లయింట్ పలికిందా లేదా, డీఎఫ్ -హెచ్ ఫొటో. ఈ నాలుగూ పంపండి. ఫోన్ పెట్టేలోపే ఏ తలుపో తెలిసిపోతుంది.